తోక మీద ఒక నంబరు, తలుపు లోపల ఇంకొకటి

హైదరాబాద్ శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. వర్క్‌షాపు వెనకాల వేపచెట్టు కింద ఒక కిరణ్ విమానం నిలబెట్టి ఉంది. బెంగళూరులో హెచ్‌ఏఎల్ తయారుచేసిన జెట్ శిక్షణ విమానమది. దుండిగల్ వాయుసేన అకాడమీలో ఎన్నో బ్యాచ్‌ల కుర్రాళ్లు పైలట్లయింది ఈ రకం విమానం మీదే. మా అన్నయ్య కొడుకుని కాలేజీలో చేర్పించడానికి వెళ్లిన రోజు, ఫీజు కౌంటరు దగ్గర క్యూ పెద్దగా ఉంటే నేను అటు నడిచాను. తోక మీద నల్లరంగుతో యు అక్షరం, పక్కన మూడంకెలు. మోకాళ్ల మీద కూర్చుని ముందు చక్రం ముడుచుకునే గూట్లోకి తొంగి చూశాను. గూటి తలుపు లోపలివైపు, గ్రీజు మరకల మధ్య, ఎర్రరంగుతో స్టెన్సిల్ కొట్టిన మూడంకెలున్నాయి. తోక మీదివి అవి కావు.

అక్కడున్న ల్యాబ్ అటెండరుని అడిగాను: "ఇది ఏ విమానం అన్నా?"

"కిరణ్ సార్."

ఆయన చెప్పింది నిజమే. కానీ నేనడిగింది ఏ కిరణ్ అని. రకం పేరు చెప్తే ఒక జాతి గురించి చెప్పినట్టు. ఎవరు తోలారు, ఎక్కడ దిగింది, ఏ రోజున ఆఖరుసారి గాల్లోకి లేచింది అన్నవి ఒక్కొక్క విమానానికి విడివిడిగా ఉండే సంగతులు. మనిషికి ఊరూ పేరూ ఉన్నట్టే విమానానికీ ఉంటాయి. ప్రపంచమంతా మ్యూజియాల్లో, గేట్ల ముందు, కాలేజీ ఆవరణల్లో నిలబడి ఉన్న పాత యుద్ధవిమానాల అసలు పేరేమిటో తేల్చే పని యాభై అరవై ఏళ్లుగా సాగుతోంది. కొందరు దాన్ని వృత్తిగా చేస్తున్నారు, ఎక్కువమంది ఇష్టంకొద్దీ చేస్తున్నారు. ఆ పని ఎంతవరకు వచ్చింది, ఎక్కడ తడబడింది, మన దగ్గర ఏం మిగిలింది అన్నది చూద్దాం.

ఒక విమానానికి సాధారణంగా రెండు నంబర్లుంటాయి. ఒకటి ఫ్యాక్టరీ ఇచ్చిన తయారీ నంబరు. అది చిన్న లోహపు రేకు మీద చెక్కి ఉంటుంది. రెండోది వాయుసేన ఇచ్చిన సీరియల్ నంబరు. అది తోక మీదా పొట్ట మీదా రంగుతో రాసి ఉంటుంది. దేశం మారితే రెండోది మారిపోతుంది. బ్రిటిష్ వాయుసేన నుంచి మన వాయుసేనకు వచ్చిన స్పిట్‌ఫైర్లకు హెచ్‌ఎస్ అని, టెంపెస్ట్‌లకు హెచ్‌ఏ అని, లిబరేటర్లకు హెచ్‌ఈ అని, టైగర్ మాత్‌లకు హెచ్‌యు అని ముందు రెండక్షరాలు తగిలించి కొత్త అంకెలు వేశారు. పాత నంబరు ఏ కొత్త నంబరుగా మారిందో చెప్పే పట్టిక చేతిలో ఉంటే చిక్కే లేదు. అది లేని చోటే వెతుకులాట మొదలవుతుంది. ఆ రెండు చాలవన్నట్టు రెక్కకీ తలుపుకీ తోకకీ వేటి నంబరు వాటికి ఉంటుంది. మరమ్మతు షెడ్డులో మెకానిక్ ఒక విమానం తలుపు విప్పి ఇంకోదానికి బిగిస్తాడు. అందులో తప్పేం లేదు, మర్నాడు ఉదయానికి విమానం ఎగరాలి. అలా బిగించిన తలుపు మాత్రం తన పాత ఇంటిపేరు లోపల దాచుకునే ఉంటుంది. వేపచెట్టు కింద నాకు కనబడింది అదే.

ఈ మొత్తం కథలో తెలుగువాళ్లకు దగ్గరి చుట్టం లాంటి విమానం ఒకటుంది. లండన్ హెండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉన్న డీహెచ్-9ఎ బాంబర్. నంబరు ఎఫ్ 1010. మొదటి ప్రపంచయుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కి విమానాలు సమకూరాయి. అందుకే దాన్ని హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్నారు, ప్రతి విమానం మీదా నిజాం ప్రభువు కానుక అని రాశారు. డీహెచ్-9ఎ విమానాలతో యుద్ధంలోకి దిగిన మొదటి దళం ఇదే. 1918 వేసవి చివర్లో ఫ్రాన్స్ చేరి, రెండు నెలలు నిండకముందే చాలా విమానాలు, చాలామంది కుర్రాళ్లు పోగొట్టుకుంది. యోవిల్ పట్టణంలో వెస్ట్‌లాండ్ కంపెనీ కట్టిన ఎఫ్ 1010 ఆ ఏడాది అక్టోబర్ 5న జర్మనీ మీదికి దాడికి వెళ్లి తిరిగి రాలేదు. అందులోని ఇద్దరూ బందీలయ్యారు, విమానం శత్రువు చేతిలో పడింది.

జర్మన్లు దాన్ని పారేయలేదు, బెర్లిన్‌లోని విమాన మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే ఆ మ్యూజియంలో మిగిలిన వాటిని తూర్పుకి తరలించారు. యుద్ధం ముగిసి సరిహద్దులు జరిగేసరికి అవి పోలండ్‌లో తేలాయి. చివరికి క్రాకోవ్ మ్యూజియానికి చేరాయి. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్‌ను పోలండ్‌కి ఇచ్చి ఎఫ్ 1010ని ఇంటికి తెచ్చుకుంది. అప్పటికి దానికి రెక్కల్లేవు, కొత్తవి కట్టి నిలబెట్టారు.

అరవై ఏళ్ల పాటు మూడు దేశాలు తిరిగిన ఆ చెక్క, గుడ్డ, ఇనుము చివరిదాకా పేరు పోగొట్టుకోకపోవడానికి కారణం, బందీగా పట్టుబడ్డ రోజు నుంచీ అది మ్యూజియం వస్తువుగానే బతకడం. దాని మీద ఎవరూ కొత్త రంగు పూసి యుద్ధానికి పంపలేదు. గోల్కొండ ఎండలోనూ వరంగల్ వానలోనూ పన్ను కట్టిన రైతు పైసల్లో ఏదో ఒక పైసా ఆ చెక్కలో ఉంది. అందుకే హెండన్ వెళ్లే మనవాళ్లందరికీ చెప్తుంటాను: స్పిట్‌ఫైర్ దగ్గర ఫొటో తర్వాత దిగొచ్చు, ముందు దీన్ని చూడండి. హైదరాబాద్ పేరు రెండో యుద్ధంలోనూ నిలిచింది. స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్‌ని కూడా హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పిలిచారు, దాని ముద్ర మీద నిజాం తలపాగా ఉంటుంది.

ఎఫ్ 1010కి బదులుగా క్రాకోవ్ వెళ్లిన స్పిట్‌ఫైర్ సంగతి కూడా చెప్పాలి. దాని అసలు నంబరు ఎస్‌ఎం 411. ఒంటి మీద రాసి ఉన్నది మాత్రం టీబీ 995, పోలిష్ పైలట్ల 308వ స్క్వాడ్రన్ గుర్తులతో. బ్రిటన్ తరఫున పోరాడిన తమ కుర్రాళ్లను తలుచుకోవాలని పోలండ్ అనుకోవడంలో న్యాయం ఉంది. ఆ కుర్రాళ్లు తోలిన అసలు విమానం దొరకలేదు, దొరికినదానికి ఆ పేరు పెట్టుకున్నారు.

ఇలా ఒకదాని పేరు ఇంకోదాని మీద రాయడం ప్రపంచమంతా ఉన్న అలవాటే. ఇంగ్లండ్‌లో ఇంకా ఎగురుతున్న లాంకాస్టర్ బాంబర్ పీఏ 474 స్వయంగా ఏ దాడికీ వెళ్లలేదు. అందుకే కొన్నేళ్లకొకసారి దానికి యుద్ధంలో నలిగిన ఏదో ఒక లాంకాస్టర్ రంగులూ గుర్తులూ వేస్తారు. మన దగ్గరా ఒకటుంది. 2018లో భారత వాయుసేనకు కానుకగా వచ్చిన డకోటా తోక మీద వీపీ 905 అని ఉంటుంది. 1947 అక్టోబర్ 27న సిక్కు రెజిమెంట్ సైనికులతో శ్రీనగర్‌లో మొదట దిగిన డకోటా నంబరది. ఇప్పుడు ఆ నంబరు మోస్తున్న విమానం మాత్రం బ్రిటిష్ వాయుసేనలో కేఎన్ 397గా పుట్టి, తర్వాత ఇంగ్లండ్‌లో పౌర విమానంగా చాలా ఏళ్లు పనిచేసింది. శ్రీనగర్ దిగిన కుర్రాళ్లకు ఆ రంగు నివాళి. దాన్ని నేను తప్పుపట్టను. పక్కన ఒక పలక పెట్టి, ఇది ఫలానా విమానం, ఫలానా విమానం గుర్తుగా ఈ నంబరు వేశాం అని రెండు వాక్యాలు రాస్తే చాలు, అబద్ధం అవదు. ఆ రెండు వాక్యాలు లేనప్పుడే ఇరవై ఏళ్ల తర్వాత ఒక విద్యార్థి దాని ముందు నిలబడి, శ్రీనగర్‌లో దిగింది ఇదేనని నోటుపుస్తకంలో రాసుకుంటాడు. ఆ తర్వాత అది పత్రికలోకి, అక్కడినుంచి పుస్తకంలోకి ఎక్కుతుంది. ఎక్కినదాన్ని దింపడం ఎవరి తరమూ కాదు.

అసలు పేరు తేల్చేది ఎలా? మూడు సాక్షులు ఉంటాయి: లోహం, రంగు, కాగితం. మూడూ ఒకే మాట చెప్తే నిశ్చింత, అది అరుదు.

లోహం సంగతికొస్తే, తయారీ రేకు మొదటి సాక్షి. కానీ రేకుని నాలుగు రివెట్లు విప్పితే తీసేయొచ్చు, ఇంకోదానికి బిగించొచ్చు. అందుకే అనుభవజ్ఞులు రేకుతో ఆగరు. రెక్క లోపల బరువంతా మోసే దూలాన్ని చూస్తారు. పైలట్ కుర్చీ వెనకాల, ఇంజన్ వెనకాల ఉండే గోడల మీద కొట్టిన ముద్రలు చూస్తారు. ఫ్యాక్టరీలో తనిఖీ చేసిన మనిషి సుత్తితో కొట్టిన చిన్న గుండ్రటి ముద్ర, జత కుదరాల్సిన రెండు భాగాల మీద గుర్తు కోసం మార్కింగ్ పెన్సిల్‌తో రాసుకున్న అంకెలు, ఇలాంటివన్నీ మూలల్లో మిగిలిపోతాయి.

రంగు ఇంకా చక్కటి సాక్షి, నాజూకైనది కూడా. పాత పూతల్ని ఒక్కొక్కటిగా నీళ్లతో తడుపుతూ సన్నటి ఉప్పుకాగితంతో గుండ్రంగా రుద్దుతారు. మన ఇంట్లో పాత తలుపు గీకితే కింద నీలం, దాని కింద పచ్చ, దాని కింద ఎర్రమట్టి రంగు వలయాల్లా కనబడతాయి చూడండి, అలాగే. ఏ వలయంలోనో ఒక అక్షరం వంపు బయటపడుతుంది. అది కనబడ్డ చోట రుద్దడం ఆపాలి. తొందరపడి మొత్తం రంగు ఊడ్చేసి లోహం తళతళలాడించిన మ్యూజియాలు చాలా ఉన్నాయి. అవి తమ దగ్గరున్న ఒకే ఒక దస్తావేజుని చేతులారా చెరిపేసుకున్నాయి.

ఇక కాగితం. బ్రిటిష్ వాయుసేనలో ప్రతి విమానానికీ ఫారం 78 అని ఒక కార్డు ఉండేది, ఏ రోజు ఏ దళానికి వెళ్లిందో అందులో రాసేవారు. అమెరికన్లకూ అలాంటి కార్డులున్నాయి. మన వాయుసేనలో విమానం నిర్వహణ వివరాలు రాసేది ఫారం 700లో. దానికి తోడు పైలట్ల లాగ్‌బుక్కులు. ఒక పైలట్ పెట్టెలో దొరికిన లాగ్‌బుక్కులో ఒక్క లైను, తేదీ, విమానం నంబరు, గంటలు, ఒక్కోసారి మ్యూజియం పలకనే మార్చేస్తుంది.

వాషింగ్టన్ స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్న మెసర్‌ష్మిట్ 109 దీనికి మంచి ఉదాహరణ. యుద్ధంలో పట్టుబడి అమెరికా చేరిన ఈ విమానం పాత కథ చెప్పే కాగితాలు 1970ల్లో దాన్ని బాగుచేసినప్పుడు దొరకలేదు. ఏ దళానిదో తెలియక, జర్మన్ల 27వ ఫైటర్ దళంలోని ఒక విమానం రంగులు వేశారు. తయారీ నంబరు 160756 పట్టుకుని పరిశోధకులు వెనక్కి నడిచాక అసలు కథ బయటపడింది. అల్సాస్-లొరెన్ ప్రాంతానికి చెందిన రెనె దార్బువా అనే యువకుడు జర్మన్ సైన్యంలో బలవంతపు చాకిరీ చేయలేక 1944 జులై 25న ఆ విమానంతో పారిపోయి ఇటలీలో మిత్రదళాల చేతిలో ఉన్న రన్‌వే మీద దిగాడు. నాజీల నుంచి తప్పించుకున్న ఒక మనిషి ధైర్యం ఆ విమానంలో ఉంది. పైన రంగు మాత్రం అతడికి ఏ సంబంధమూ లేని దళానిది. ఒక అంకె వెంట పడితే ఏం దొరుకుతుందో చెప్పడానికి ఇంతకంటే నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మన దేశం ఈ చరిత్రలో ఎంత పెద్ద పాత్ర పోషించిందో చాలామందికి తెలియదు. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాయుసేన తన లిబరేటర్ బాంబర్లను కాన్పూర్ దగ్గర చకేరీలో వదిలేసి వెళ్లింది. అమెరికా అప్పుగా ఇచ్చిన ఆ విమానాలు మళ్లీ ఎగరకూడదన్నది ఒప్పందం. అందుకని ఇంజన్లలో ఇసుక పోశారు, బుల్డోజర్లతో గుద్దించారు, పరికరాలు పగలగొట్టారు. 1948లో హెచ్‌ఏఎల్ మనుషులు ఆ తుక్కులోకి దిగారు. ఒకదాని తోక, ఇంకోదాని ఇంజన్, మూడోదాని చక్రాలు కలిపి కాన్పూర్ నుంచి బెంగళూరు దాకా ఎగరగలిగేలా చేస్తే, హెచ్‌ఏఎల్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని ఒక్కొక్కటిగా తోలుకెళ్లాడు. బెంగళూరులో పూర్తిగా బాగుచేశారు. అలా 40కి పైగా లిబరేటర్లు మళ్లీ ప్రాణం పోసుకుని 1968 దాకా మన సముద్రాల మీద కాపలా కాశాయి.

అప్పటికి ప్రపంచంలో మిగతా లిబరేటర్లు దాదాపు అన్నీ కరిగిపోయాయి. వేలకు వేలు తయారైన ఆ బాంబర్ ఇవాళ మ్యూజియాల్లో కనబడుతోందంటే అందులో పెద్ద వాటా కాన్పూర్ తుక్కుదే. ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉన్న కేఎన్ 751 మన దగ్గర హెచ్‌ఈ 807. 1974లో మన వాయుసేన దాన్ని బ్రిటన్‌కి ఇచ్చింది. అమెరికాలో ట్యూసాన్ పిమా మ్యూజియంలోనిది, కెనడా ఒట్టావాలోనిది మన దగ్గరనుంచి వెళ్లినవే. ఒట్టావా వాళ్లు లిబరేటర్ తీసుకుని మనకు లైసాండర్ విమానం ఇచ్చారు, అది ఢిల్లీ పాలం మ్యూజియంలో ఉంది.

అయితే వీటి అసలు పేర్లేమిటి? రెక్క ఒకటి, పొట్ట ఒకటి అయినప్పుడు ఏ నంబరు అసలు నంబరు? పొట్ట భాగం, అందులోనూ పైలట్ కూర్చునే ముందు భాగం ఏ విమానానిదైతే అదే పేరు అన్నది ఈ రంగంలో ఎక్కువమంది ఒప్పుకున్న పద్ధతి. ఒప్పుకున్నారు సరే, కాన్పూర్‌లో ఎవరి తోక ఎవరికి అతికిందో రాసుకునే తీరిక అప్పుడు ఎవరికుంది? పని జరగడమే అద్భుతం. అమెరికాలో కాలింగ్స్ ఫౌండేషన్ దగ్గరున్న లిబరేటర్ సంగతి చూడండి. ఫోర్ట్‌వర్త్‌లో పుట్టి, బ్రిటిష్ వాయుసేనలో పనిచేసి, మన వాయుసేనలో 1968 దాకా ఎగిరి, ఇంగ్లండ్ మీదుగా అమెరికా చేరింది. అక్కడ దానికి వరసగా మూడు పేర్లు రాశారు: ఆల్ అమెరికన్, తర్వాత డ్రాగన్ అండ్ హిజ్ టెయిల్, తర్వాత విచ్‌క్రాఫ్ట్. మూడూ యుద్ధంలో పేరు తెచ్చుకున్న అమెరికన్ బాంబర్ల పేర్లే, మూడూ దానివి కావు. దాన్ని చావనివ్వకుండా ఇరవై ఏళ్లు కాపాడిన కాన్పూర్, బెంగళూరు, పుణె మెకానిక్కుల గుర్తు మాత్రం దాని ఒంటి మీద ఎక్కడా రాయలేదు. ఈ విషయంలో నాకు నిజంగా బాధ ఉంది. యుద్ధంలో చూపిన శౌర్యానికే చోటిచ్చి, బతికించిన చేతులకు చోటివ్వకపోవడం చరిత్రను సగమే చెప్పడం.

హాకర్ టెంపెస్ట్-2 కథా ఇలాంటిదే, ఇవాళ మిగిలినవి ఎక్కువ భాగం మన తుక్కులోంచి లేచినవే. హరికేన్ ఆర్ 4118 సంగతి మాత్రం వేరు. 1940లో బ్రిటన్ గగనయుద్ధంలో 605వ స్క్వాడ్రన్‌తో 49 సార్లు పైకి లేచిన విమానం, 1943 చివర్లో శిక్షణ కోసమని ఓడెక్కి ఇండియా వచ్చింది. 1947లో కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠం చెప్పడానికి ఇచ్చారు. తర్వాత ఆరుబయట చెట్లూ తుప్పలూ పెరిగి కప్పేశాయి. 1982లో పీటర్ వేచర్ అనే ఇంగ్లిష్ ఆయన దాన్ని చూశాడు. ఆయన మనసులోంచి అది పోలేదు. ఏళ్ల తరబడి ఉత్తరాలు, అనుమతులు, మళ్లీ ఉత్తరాలు. 2001లో ఇంగ్లండ్ తీసుకెళ్లి, 2004 డిసెంబర్‌లో మళ్లీ ఎగరేశారు. యుద్ధం తర్వాత దాన్ని ఎవరూ ఎగరేయలేదు కాబట్టి, విడిభాగాలు మార్చలేదు కాబట్టి, లోహం, నంబరు, కాగితం మూడూ కలిశాయి. నిర్లక్ష్యం దాన్ని కాపాడిందని కొందరంటారు. నేననను. తుప్పల్లో ఇంకో ఇరవై ఏళ్లుంటే ఏమీ మిగిలేది కాదు.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. విమానంలో ఎంత పాతది ఉంటే అది పాత విమానం? 1940 మే నెలలో ఫ్రాన్స్‌లోని కలే ఊరి ఇసుక తీరంలో దిగి మునిగిపోయిన స్పిట్‌ఫైర్ పీ 9374 నలభై ఏళ్ల తర్వాత, 1980లో ఇసుకలోంచి బయటపడింది. ఉప్పునీళ్లు తిన్న ముక్కలవి. వాటి చుట్టూ కొత్త లోహంతో కట్టి 2011లో ఎగరేశారు. 2015లో అది వేలంలో 31 లక్షల పౌండ్లు పలికింది. దాని తోటి ఎన్ 3200ని డక్స్‌ఫర్డ్ మ్యూజియానికి దానంగా ఇచ్చారు.

మన గుళ్లలో రథం ఉంటుంది. ఇరుసు విరిగితే ఇరుసు మారుస్తారు, చక్రం పుచ్చితే చక్రం, ఒక తరంలో చిలకలు, ఇంకో తరంలో గుర్రాలు. వందేళ్లకు అందులో మొదటి కర్ర ఒక్కటి కూడా ఉండదేమో, అయినా ఊరికి అది అదే రథం. ఎందుకంటే అది ఏ ఏడాదీ ఆగకుండా వీధుల్లో తిరుగుతూనే ఉంది, మార్చిన ప్రతి కర్రా ఊరి కళ్ల ముందే మారింది. ఎగురుతూ, మరమ్మతవుతూ వచ్చిన విమానానికి ఈ న్యాయం సరిపోతుంది. నలభై ఏళ్లు లేకుండా పోయి, ఒక రేకు పట్టుకుని తిరిగొచ్చినదానికి సరిపోదు. అలాగని పీ 9374 పనిని నేను చిన్నచూపు చూడను, ఆ పనితనం గొప్పది. ఏది పాతదో ఏది కొత్తదో రాసిపెట్టినంతవరకు అది నిజాయితీగల పని. బ్రిటన్ గగనయుద్ధంలో పాల్గొన్న నంబరు అనగానే ధర పెరిగిపోవడమే ప్రమాదం. రేకుల వ్యాపారం అక్కడే మొదలవుతుంది.

నంబరు లేకపోతే జ్ఞాపకం ఎంత తప్పుదారి పట్టిస్తుందో నాగసాకి చెప్తుంది. 1945 ఆగస్టు 9న అక్కడ అణుబాంబు వేసిన సిబ్బంది మామూలుగా వాడే విమానం ది గ్రేట్ ఆర్టిస్ట్. దాంట్లో హిరోషిమా దాడికి పెట్టిన కొలత పరికరాలుంటే, వాటిని విప్పే బదులు సిబ్బందే విమానాలు మార్చుకున్నారు. దాంతో బాంబు వేసింది గ్రేట్ ఆర్టిస్టేనని, ఆ రోజు వెంట వెళ్లిన పత్రికారచయిత విలియం లారెన్సే రాశాడు. ముక్కు మీద పేరు, బొమ్మ కూడా తర్వాత వేసినవే కాబట్టి కంటికి కనబడే ఆధారం లేదు. నంబరే అది బాక్స్‌కార్ అని తేల్చింది, ఇవాళ అమెరికాలోని డేటన్ మ్యూజియంలో 44-27297 నంబరుతో ఉన్నది అదే. గ్రేట్ ఆర్టిస్ట్ తుక్కయిపోయింది. వేల ప్రాణాలు ఒక్క ఉదయాన తీసిన విమానం ఏదో తెలియాలా వద్దా అని అడిగేవాళ్లుంటారు. తెలియాలి. అంత పెద్ద నేరానికీ దుఃఖానికీ సాక్షిగా నిలబెట్టే వస్తువు సరైనదై ఉండాలి.

మిగ్-15ల గురించి ఒక్కమాట. పాశ్చాత్య మ్యూజియాల్లో కొరియా యుద్ధపు మిగ్ అంటూ ఎర్రనక్షత్రంతో నిలబెట్టినవాటిలో కొన్ని పోలండ్‌లో తయారైన లిమ్-2లు. 1953 సెప్టెంబర్ 21న నో కుమ్-సోక్ ఉత్తర కొరియా నుంచి తోలుకొచ్చిన అసలు మిగ్ డేటన్‌లో ఉంది. తేడా తెలుసుకోవాలంటే అక్కడికి వెళ్లాలి.

ఇక మన సంగతి. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా ఉన్న టీయూ-142 చూడనివాళ్లు ఉత్తరాంధ్రలో తక్కువ. ఒక్కో ఇంజనుకు రెండేసి ప్రొపెల్లర్లు ఎదురెదురుగా తిరిగే ఆ పెద్ద రష్యన్ విమానాలు 1988లో 8 వచ్చాయి. మొదట గోవా నుంచి, తర్వాత అరక్కోణం స్థావరం నుంచి మొత్తం 29 ఏళ్లు ఎగిరి 2017 మార్చిలో విశ్రాంతి తీసుకున్నాయి. వాటిలో ఒకటి ఏప్రిల్‌లో స్వయంగా విశాఖకి ఎగిరొచ్చి దిగితే, దాన్ని విప్పి, రోడ్డు మీద తరలించి, బీచ్‌లో మళ్లీ బిగించారు. డిసెంబర్‌లో రాష్ట్రపతి ప్రారంభించారు. రేపు దీని గుర్తింపు మీద ఎవరికీ సందేహం రాదు. ఆఖరి ప్రయాణం వందలమంది చూశారు, తోలినవాళ్లు మన మధ్యే ఉన్నారు, కాగితం తెగలేదు. కరాచీలో పాకిస్తాన్ వాయుసేన మ్యూజియంలో ఉన్న మన నాట్ ఐఈ 1083 కూడా అంతే. 1965 సెప్టెంబర్ 3న పస్రూర్‌లో దిగి వాళ్ల చేతికి చిక్కింది. శత్రువు కూడా పేరు మార్చకుండా దాచుకున్నాడు.

పాలం మ్యూజియంలో ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక పూర్తి వాపిటి ఉంది. 1933లో మన వాయుసేన మొదటి స్క్వాడ్రన్ పుట్టింది ఆ రకం విమానాలు నాలుగింటితోనే. అంతటి నిధి ఉన్న దేశంలో కంటోన్మెంట్ గేట్ల ముందు, పార్కుల్లో, కాలేజీల్లో స్తంభాలెక్కించిన హంటర్లు, నాట్‌లు, మిగ్-21లు, కిరణ్‌లు ఎన్నో ఉన్నాయి. వాటికి రెండు మూడేళ్లకొకసారి రంగు వేసే కాంట్రాక్టరు పాత అంకె మసకేస్తే కంటికి తోచిన అంకె వేసేస్తాడు. మూడు ఎనిమిదవుతుంది. తప్పు అతడిది కాదు. ఆ అంకె ఒక పేరు అని అతడికి ఎవరూ చెప్పలేదు. రంగు వేయించే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీయడానికి, చక్రాల గూళ్లూ తలుపుల లోపలి వైపులూ తీయడానికి ఒక పూట, ఒక ఫోను చాలు. ఆ ఫొటోలు, విమానం అప్పగించినప్పుడు సంతకాలు పెట్టిన కాగితం నకలు ఒకే ఫైలులో ఉంచితే తర్వాత వచ్చే పరిశోధకుడు చేతులు జోడిస్తాడు. ఆ విమానాలకు సేవ చేసిన ఎయిర్‌మెన్ ఇప్పుడు డెబ్భైల్లో, ఎనభైల్లో ఉన్నారు. ఏ తలుపు ఏ విమానం నుంచి విప్పారో గుర్తున్నవాళ్లు వాళ్లే.

మా అన్నయ్య కొడుకు రెండో ఏడాదిలోకి వచ్చాక మళ్లీ వెళ్లాను, ఈసారి టార్చి పట్టుకుని. వార్షికోత్సవానికని కిరణ్‌కి మెరిసే వెండిరంగు వేశారు, చక్రం గూటి లోపల కూడా వదల్లేదు. తోక మీద అంకెలు కొత్తగా, నున్నగా ఉన్నాయి. తలుపు లోపల ఏమీ కనబడలేదు. అటెండరు నా పక్కనే కూర్చుని, నేను దేనికోసం చూస్తున్నానో అడిగి, తెలుసుకుని, తన వేలు ఆ చోట పెట్టి నెమ్మదిగా జరిపాడు. "ఇక్కడ గీత తగులుతోంది సార్" అన్నాడు. స్టెన్సిల్ రంగు మందంగా పడ్డ చోట అంచు లేచి ఉంది. ఇద్దరం టార్చిని రేకుకు ఆనించి ఏటవాలుగా వెలుగు వేశాం. మొదట ఏడు వచ్చింది. రెండోది తొమ్మిదో సున్నానో తేలలేదు. ఆయన లోపలికి వెళ్లి తెల్లకాగితం, పెన్సిలు తెచ్చాడు, కాగితాన్ని రేకు మీద పరిచి పట్టుకున్నాను.